డాక్టర్ సలహా: సైకిల్‌పై దూరం వెళ్లొచ్చాక చిటికెన వేలు మొద్దుబారింది.. తగ్గుతుందా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 38. బరువు 74 కిలోలు. దేవరకొండ దగ్గర ఒక పల్లెలో టీచర్‌గా చేస్తున్నాను. మౌంటెన్ బైక్‌కు సామాను కట్టుకొని దూర ప్రయాణాలు చేస్తుంటాను. ఈ మధ్య డిండి, అచ్చంపేట, మన్ననూరు మీదుగా దోమలపెంట వెళ్లి, శ్రీశైలం డ్యామ్ దాకా దిగి, మళ్లీ వెనక్కొచ్చి కొల్లాపూర్, సోమశిల చూసుకొని ఇల్లు చేరాను. మొదటి రోజే కూర్చునే చోట, మర్మాంగం దగ్గర స్పర్శ పోయినట్టయింది. దాంతో సీటు ముక్కు కిందికి వంచుకున్నాను. అది తగ్గింది కానీ, మర్నాటి నుంచి ఎడమ చేతి చిటికెన వేలు, ఉంగరపు వేలు తిమ్మిరెక్కాయి. ఇంటికొచ్చి 12 రోజులైనా అట్లనే ఉంది. చొక్కా గుండీలు పెట్టుకోవడం కష్టం. బడికి బండి మీద పోతుంటే క్లచ్ పట్టు చాలడం లేదు. దారిలో నొప్పులకు రోజూ రెండు డైక్లోఫెనాక్ మాత్రలు వేసుకున్నాను. ఇక్కడ చూపిస్తే మెడ ఎక్స్‌రే తీయించి, బీ12 ఇంజెక్షన్లు రాశారు. ఇంకో మూడు నెలల్లో, జనవరిలో 600 కిలోమీటర్ల బ్రెవే (గడువులోపు ముగించాల్సిన దూరపు సైకిల్ యాత్ర) ఉంది. వెళ్లొచ్చా? తొడల సందున ఒరుసుకుపోయిన చోట ఏం రాయాలి? దారిలో బోరు నీళ్లు తాగితే ఫ్లోరైడ్ ప్రమాదమా?
– ఒక పాఠకుడు, దేవరకొండ

సలహా: సీటు ముక్కు వంచిన మర్నాడే వేళ్లు మొద్దుబారాయని మీరే రాశారు. మీ జబ్బు కథ అంతా ఆ ఒక్క వాక్యంలో ఉంది. సైకిల్ మీద మనిషి బరువు పడేది మూడు చోట్ల: పాదాలు, పిరుదుల ఎముకలు, అరచేతులు. సీటు ముందుకు వాలితే ఒళ్లు మెల్లగా ముందుకు జారుతూనే ఉంటుంది. జారకుండా చేతులతో వెనక్కి నెట్టుకుంటూ కూర్చోవాలి. పొద్దున్నించి రాత్రిదాకా మీ అరచేతులు చేసిన పని అదే. పైగా దోమలపెంట దాటి డ్యామ్ వైపు దిగే ఘాట్‌లో బ్రేకులు పట్టుకొని దిగుతుంటే బరువంతా ముందుకే వచ్చి ఉంటుంది.

మోచేతి కొన ఎక్కడైనా తగిలితే జివ్వుమని షాక్ కొడుతుంది కదా, ఆ నరం పేరు అల్నార్. అది ముంజేతిలోంచి దిగి, మణికట్టు దగ్గర చిటికెన వేలి వైపున రెండు చిన్న ఎముకల నడుమ ఒక ఇరుకు సందులోంచి అరచేతిలోకి వస్తుంది. ఈ సందును గయాన్ కెనాల్ అంటాం. అక్కడ నరం మీద కాపుదలగా ఉండే కండ చాలా తక్కువ. మణికట్టును వెనక్కి విరిచి, అరచేతి మడమను గంటలకొద్దీ హ్యాండిల్‌కు ఆనిస్తే నరం నలిగిపోతుంది. దీన్ని సైక్లిస్ట్స్ పాల్సీ అంటారు. కెనడాలోని బాన్ఫ్ నుంచి అమెరికా, మెక్సికో సరిహద్దు దాకా సుమారు 4,400 కిలోమీటర్లు సాగే టూర్ డివైడ్ లాంటి సైకిల్ పోటీల్లో ఇది తరచూ కనిపించేదే. రేసు ముగించినవాళ్లు వారాల తరబడి గోళ్లు కత్తిరించుకోలేక, సీసా మూత తిప్పలేక ఇబ్బంది పడుతుంటారు.

నరం నలిగింది మణికట్టు దగ్గరేనా, ఇంకా పైననా అన్నది ఇంట్లోనే కొంతవరకు తేల్చుకోవచ్చు. చేతి వెనక వైపు, చిటికెన వేలి మెటిక కింద దూదితో రాయండి. ఆ భాగానికి స్పర్శనిచ్చే కొమ్మ మణికట్టుకు నాలుగైదు వేళ్ల పైనే విడిపోతుంది. కాబట్టి వేళ్లకు, అరచేతికి తిమ్మిరి ఉండి చేతి వెనక స్పర్శ బాగుంటే తప్పు మణికట్టులోనే. వెనక కూడా మొద్దుగా ఉంటే మోచేతిని చూడాలి. ముంజేతి లోపలి అంచు పొడవునా తిమ్మిరి, మెడ తిప్పితే చేతిలోకి పాకే నొప్పి ఉంటేనే మెడను అనుమానించాలి. ముప్పై ఎనిమిదేళ్ల మనిషికి మెడ ఎక్స్‌రే తీస్తే ఏదో ఒక అరుగుదల కనిపించడం మామూలే. దాన్ని చూసి కాలర్ పట్టీ వేసుకోకండి.

తిమ్మిరి కన్నా నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది మీ గుండీలు, క్లచ్. అవి స్పర్శకు కాదు, బలానికి సంబంధించినవి. ఒక కాగితాన్ని రెండు చేతుల బొటనవేలికి, చూపుడు వేలి పక్కకు మధ్య పెట్టి, ఇంకొకరిని లాగమనండి. ఎడమ బొటనవేలి కొన కణుపు కాగితాన్ని ఆపడానికి వంగిపోతే కండరం బలహీనపడినట్టే. చేతి వెనక బొటనవేలు, చూపుడు వేళ్ల మధ్య ఉబ్బెత్తు కండ రెండు చేతుల్లో ఒకేలా ఉందో చూడండి. ఎడమవైపు గుంట పడినా, కాగితం నిలవకపోయినా న్యూరాలజిస్ట్‌కు చూపించి, నరంలో సంకేతం ఎలా పోతోందో కొలిచే నర్వ్ కండక్షన్ పరీక్ష చేయించుకోండి. నరం దెబ్బతిన్న మూడు వారాలకు చేయిస్తే ఫలితం స్పష్టంగా వస్తుంది. మీకు ఇంకో పది రోజులు ఆగి చేయించడం మేలు.

బీ12 సంగతి. దాని లోపం వల్ల వచ్చే తిమ్మిరి సాధారణంగా రెండు పాదాల నుంచి మొదలవుతుంది, ఒక చేతి రెండు వేళ్లను ఏరుకొని రాదు. మాంసం, గుడ్లు, పాలు దాదాపు ముట్టనివారికి, షుగర్‌కు మెట్‌ఫార్మిన్ వాడేవారికి రక్తపరీక్ష చేసి ఇవ్వడం సరైందే. మీకు పరీక్ష లేకుండా ఇంజెక్షన్లు పొడిపించుకోవడంలో ప్రయోజనం కనిపించడం లేదు. దాని బదులు మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ రక్తపరీక్ష చేయించండి. షుగర్ ఉన్నవాళ్ల నరాలు కొద్దిపాటి ఒత్తిడికే దెబ్బతింటాయి.

అసలు చికిత్స ఒత్తిడి తీసేయడమే. సైకిల్ పక్కన పెట్టి రోజూ బడికి మోటార్ సైకిల్ మీద పోతే చేతికి విశ్రాంతి ఇచ్చినట్టు కాదు. అదే పట్టు, అదే అదురు, ఎడమ చేతికి క్లచ్ అదనం. నెల రోజులు బస్సులో వెళ్లండి. దండీలు, పుషప్‌లు మానండి. కుర్చీలోంచి అరచేయి ఆనించి లేవకండి. రాత్రి పడుకునేటప్పుడు మణికట్టు పట్టీ వేసుకోండి. అయితే మందుల షాపులో దొరికే పట్టీల్లోని రేకు చాలావరకు వెనక్కి వంగి ఉంటుంది. రేకును బయటికి లాగి చదునుగా చేసి మళ్లీ దూర్చండి. నరం పైపొర మాత్రమే నలిగితే కొన్ని వారాల నుంచి మూడు నెలల్లో కోలుకుంటుంది. లోపలి పోగులు తెగి ఉంటే అవి రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున పెరుగుతాయి. మణికట్టు నుంచి బొటనవేలి సందులోని కండరం దాకా ఎనిమిది, పది సెంటీమీటర్లు ఉంటుంది. లెక్క మీరే వేసుకోండి.

ఇక సైకిల్. మార్చే ముందు సీటు పోస్టుకు, హ్యాండిల్‌కు ఇప్పుడున్న చోట టేపుతో గుర్తు పెట్టుకోండి. ఒకసారి ఒక్కటే మార్చాలి, అదీ అయిదు మిల్లీమీటర్లకు మించకుండా. అన్నీ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు.

మొదట సీటు ఎత్తు. పెడల్ అడుగుకు వచ్చినప్పుడు మడమ దాని మీద పెడితే మోకాలు సరిగ్గా నిటారుగా రావాలి. అంతకన్నా ఎత్తుంటే ప్రతి తొక్కుడుకూ నడుము అటూ ఇటూ ఊగి, మర్మాంగానికి వెళ్లే నరాన్ని సీటు ఒరుస్తుంది. మీకు మొదటి రోజు మొద్దుబారడానికి సీటు ఎత్తో, వెడల్పు చాలకపోవడమో కారణమై ఉంటుంది. వెడల్పు తెలుసుకోవడానికి చదునైన ముక్కాలిపీట మీద అట్టపెట్టె ముక్క వేసి, ముందుకు వంగి కూర్చొని లేవండి. పిరుదుల ఎముకల గుంటలు రెండు పడతాయి. వాటి నడుమల మధ్య దూరానికి 20 నుంచి 30 మిల్లీమీటర్లు కలిపితే మీకు కావలసిన సీటు వెడల్పు. మెత్తగా ఉంటుందని కొనే జెల్ కవర్లు వద్దు. ఎముకలు అందులో కూరుకుపోయి, నడిమి భాగం పైకి ఉబ్బి, నొక్కకూడని చోటే నొక్కుతుంది. నడుమ కోత ఉన్న గట్టి సీటే నయం.

తర్వాత సీటు వాలు. సీటు మీద అట్ట పుస్తకం పెట్టి, దాని మీద ఫోన్‌లోని లెవెల్ యాప్ పెట్టి చూడండి. సున్నా దగ్గర మొదలుపెట్టి, అవసరమైతే రెండు డిగ్రీల దాకా ముక్కు దించొచ్చు. మూడు దాటితే చేతుల మీద పడతారు. గతుకుల్లో సీటు బోల్టు వదులై ముక్కు దానంతటదే దిగడం కూడా ఉంది. కాబట్టి రోజూ పొద్దున్నే బిగువు చూసుకోవాలి.

హ్యాండిల్ దగ్గర మోచేతులు కొద్దిగా వంగి ఉండాలి. నిటారుగా చాపితే తప్ప అందకపోతే హ్యాండిల్‌ను సైకిల్‌కు కలిపే 80 మిల్లీమీటర్ల స్టెమ్ తీసి 60ది వేయించండి. లేదా పైకి లేచిన హ్యాండిల్ బార్ వేయించండి. స్టెమ్ బోల్టులు ఎంత బిగించాలో దాని మీదే రాసి ఉంటుంది, ఎక్కువగా 5 న్యూటన్ మీటర్లు. బ్రేక్ లీవర్లు నేలకు సమాంతరంగా ఉంటే మణికట్టు వెనక్కి విరుగుతుంది. ముంజేతి వాలులోకి, 30 నుంచి 45 డిగ్రీలు కిందికి దించండి. ఒక వేలితో బ్రేక్ అందేట్టు లీవర్‌ను దగ్గరకు తెచ్చుకోండి. గుండ్రటి గ్రిప్పుల బదులు చివర రెక్కలా వెడల్పైనవి వేయించండి. కానీ రెక్క ఒక గీటు పైకి తిరిగినా మణికట్టు విరిచేస్తుంది, తిప్పి తిప్పి సరిచూసుకోవాలి. గ్లవ్స్‌లో జెల్ దిండు సరిగ్గా ఆ నరం సందు మీదే ఉంటే వాటివల్ల కీడే ఎక్కువ. హ్యాండిల్ చివర్లకు బిగించే చిన్న కొమ్ముల్లాంటి బార్ ఎండ్లు ఉంటే చేతులు పెట్టే చోటు మారుతుంది. ఎక్కడ పట్టుకున్నా పది నిమిషాలకొకసారి మార్చడం, సీటు మీంచి లేచి అర నిమిషం నిలబడి తొక్కడం అలవాటు చేసుకోండి. వాచీలో అలారం పెట్టుకున్నా తప్పులేదు.

గాలి విషయంలో మనవాళ్లు చేసే పొరపాటు ఒకటుంది. తారు రోడ్డు మీద తేలిగ్గా పోతుందని మౌంటెన్ బైక్ టైర్లకు 50 పీఎస్ఐ కొట్టిస్తారు. ట్యూబు ఉన్న 2.2 అంగుళాల టైరుకు మీ బరువు, సామానుకు ముందు 28 నుంచి 30, వెనక 32 నుంచి 35 చాలు. ఆ తేడా మట్టిబాటలో మొదట తెలిసేది అరచేతులకే. సామాను బరువు కూడా అంతే. హ్యాండిల్ ముందు కట్టే చుట్టలో మూడు కిలోలు మించొద్దు. పనిముట్లు, నీళ్లు, తిండి లాంటి బరువైనవి ఫ్రేమ్ నడిమి సంచిలో ఉండాలి. వీపు సంచి వీపు మీదే ఉంటుందనుకుంటాం గానీ, దాని బరువు దిగేది సీటు, చేతుల మీదికే.

ఇవన్నీ చేసినా మర్మాంగం దగ్గర మొద్దుబారడం సైకిల్ దిగిన గంటల తర్వాత కూడా ఉన్నా, అంగస్తంభనలో తేడా వచ్చినా యూరాలజిస్ట్‌ను కలవండి. మూత్రం బిగబట్టినట్టు ఆగిపోవడం, మలవిసర్జన మీద పట్టు తప్పడం, రెండు కాళ్లలో బలం తగ్గడం వంటివి ఉంటే అది సీటు గొడవ కాదు. వెన్ను కింది నరాలు నొక్కుకున్నాయేమో చూడాలి. అదే రోజు పెద్దాసుపత్రికి పోవాలి.

డైక్లోఫెనాక్ ఇంకెప్పుడూ సైకిల్ మీద ఉండగా వేసుకోకండి. ఎండలో ఒంట్లో నీళ్లు తగ్గి, కండరాలు అలసి ఉన్నప్పుడు ఈ రకం మాత్రలు కిడ్నీకి వెళ్లే రక్తాన్ని ఇంకా తగ్గిస్తాయి. మూత్రం కోలా రంగులో వస్తే కండరం కరిగి కిడ్నీలో చేరుతోందని అర్థం, ఆసుపత్రికి వెళ్లాల్సిందే. నొప్పి భరించలేకపోతే పారాసిటమాల్ 650 వేసుకోవచ్చు. తిమ్మిరికి మాత్రం ఏ మాత్రా మందు కాదు, దిగి చేతులు విదిలించి హ్యాండిల్ సరిచేసుకోమన్న సంకేతం అది. నీళ్లు కూడా దాహానికి తగ్గట్టు తాగాలి. ఉత్త నీళ్లే లీటర్లకొద్దీ తాగితే రక్తంలో సోడియం పడిపోయి తలనొప్పి, వాంతులు, తికమక వస్తాయి. ఓఆర్ఎస్ పొట్లాన్ని దాని మీద రాసినన్ని నీళ్లలోనే కలపండి.

జనవరి 600కు నా సమాధానం: వద్దు. గడువు 40 గంటలు, అందులో ఎక్కువ భాగం చేతులు హ్యాండిల్ మీదే ఉంటాయి. బలం తగ్గిన చేత్తో రాత్రిపూట బ్రేక్ పట్టడం మీకే కాదు, వెనక వచ్చేవాళ్లకూ ప్రమాదం. తిమ్మిరి పూర్తిగా పోయి, కాగితం పరీక్షలో రెండు చేతులూ సమానమయ్యాక గంటసేపు తొక్కండి. రెండు రోజులు ఆగి రెండు గంటలు, తర్వాత నాలుగు, ఆ తర్వాత వంద కిలోమీటర్లు. దిగిన అరగంటలోపు తిమ్మిరి పోకపోతే ముందటి మెట్టుకు తిరిగి రండి. ఇదంతా డిసెంబర్ చివరికి సాఫీగా సాగితే 13 గంటల 30 నిమిషాల గడువున్న 200 బ్రెవేకు పేరిచ్చుకోండి.

ఒరుసుకుపోయిన చోట సబ్బుతో కడిగి పూర్తిగా ఆరనిచ్చి, పెట్రోలియం జెల్లీ రాయండి. ప్యాడ్ ఉన్న షార్ట్స్ లోపల డ్రాయర్ వేసుకోకూడదు, కుట్లు ఒరుస్తాయి. రెండు జతలు తీసుకెళ్లి రోజూ ఉతికినదే వేసుకోండి. మందుల షాపులో తామరకని ఇచ్చే స్టెరాయిడ్ కలిసిన క్రీములు మాత్రం ముట్టకండి. మూడు రోజుల్లో మాయమై, నెలకు రెట్టింపై వస్తుంది, ఆపై మామూలు మందులకు లొంగదు. అంచులు ఎర్రగా గుండ్రంగా పాకుతుంటే చర్మ వైద్యుణ్ని, గడ్డ కట్టి జ్వరం వస్తే సర్జన్‌ను కలవండి.

బోరు నీళ్ల భయం మునుగోడు, మర్రిగూడ వైపు ఊళ్లను చూసినవారికి సహజమే. అయితే ఎముకలు, పళ్లు దెబ్బతినే ఫ్లోరోసిస్, ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే వచ్చేది. మూడు రోజుల ప్రయాణంలో తాగితే రాదు. మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఆవిరై ఇంకాస్త చిక్కబడుతుంది. దారిలో మీకు అసలు చిక్కు తెచ్చేది విరేచనాలే. మిషన్ భగీరథ నల్లా దొరికితే అక్కడ నింపుకోండి. లేకపోతే బోరు నీళ్లలో క్లోరిన్ బిళ్ల వేసి అరగంట ఆగి తాగండి.