యాప్‌లో గుడ్ అని ఉంది, రేడియోలో ఏమీ లేదు: ప్రాపగేషన్ ఎలా చూసుకోవాలి?

మీరు కావలిలో కొత్తగా హ్యామ్ రేడియో (అభిరుచిగా నడిపే అమెచ్యూర్ రేడియో) లైసెన్స్ తీసుకున్నారు. యాప్‌లో 20 మీటర్ల బ్యాండ్ (14 మెగాహెర్ట్జ్ దగ్గరి ఫ్రీక్వెన్సీలు) "గుడ్" అని చూపిస్తున్నా ఒక్క స్టేషనూ వినపడటం లేదు, ప్రాపగేషన్, అంటే ఆ బ్యాండ్‌లో సిగ్నల్ దూరానికి చేరే పరిస్థితి, ఎలా తెలుసుకోవాలని అడిగారు. నాది ఒంగోలు. మన రెండు ఊళ్ల మధ్య దూరం తక్కువే కాబట్టి నా అనుభవం మీకు పనికొస్తుంది.

ముందు అంకెలు. సోలార్ ఫ్లక్స్‌ను, అంటే సూర్యుడి నుంచి వచ్చే రేడియో తరంగాల బలాన్ని, కెనడాలోని పెంటిక్టన్‌లో రోజూ కొలుస్తారు. అది 150 దాటి ఉంటే పగటిపూట 10, 15 మీటర్ల మీద ఆశ పెట్టుకోవచ్చు. కె ఇండెక్స్ భూమి అయస్కాంత క్షేత్రం ఎంత కల్లోలంగా ఉందో చెబుతుంది, తక్కువుంటేనే మంచిది. మూడు గంటలకోసారి మారుతుంది, 0 నుంచి 9 వరకు ఉంటుంది. 5కి చేరిందంటే భూఅయస్కాంత తుఫాను వచ్చినట్టే. 2024 మే 10, 11 తేదీల్లో ఏకంగా 9కి వెళ్లింది. యాప్‌లో కనిపించే గుడ్, పూర్ చాలావరకు ఈ అంకెల నుంచి లెక్కకట్టినవే. మీరు భూఅయస్కాంత మధ్యరేఖకు దగ్గరగా కావలిలో కూర్చున్నారని వాటికి తెలియదు.

అందుకే నేను బీకన్లనే, అంటే టైము ప్రకారం వాటంతటవే సిగ్నల్ పంపే స్టేషన్లనే, నమ్ముతాను. 14.100 మెగాహెర్ట్జ్ మీద, సీడబ్ల్యూ (మోర్స్ కోడ్) మోడ్‌లో పెట్టి వినండి. ప్రపంచవ్యాప్తంగా ఏర్పాటు చేసిన 18 బీకన్లు తలా పది సెకన్లు, వరుసగా వస్తాయి. మూడు నిమిషాలకు ఒక చుట్టు పూర్తవుతుంది. గంట కొట్టాక 1 నిమిషం 20 సెకన్లకు హాంకాంగ్, 30కి కొలంబో, 40కి దక్షిణాఫ్రికా, 50కి కెన్యా. మన టైముకీ ఇదే లెక్క సరిపోతుంది, ఫోన్ గడియారం కరెక్టుగా ఉంటే చాలు. కాల్‌సైన్ (స్టేషన్ గుర్తింపు పేరు) తర్వాత నాలుగు పొడుగు డాష్‌లు (బీప్‌లు) వినిపిస్తాయి. మొదటిది 100 వాట్లు, తర్వాత 10, 1, చివరిది 0.1 వాట్. మూడో డాష్ కూడా వినపడిందంటే ఆ దిక్కుకు దారి చాలా బాగున్నట్టు. ఒక్కోసారి ఒకటో రెండో బీకన్లు ఆగిపోయి ఉంటాయి, కాబట్టి ఒక్కదాన్నే చూసి తేల్చేయొద్దు.

కొలంబో ఒంగోలుకు దాదాపు నేరుగా దక్షిణాన, 950 కిలోమీటర్లు. నాకు పగలు 14.100 మీద అది వినపడటం మామూలే. 10 మీటర్ల బ్యాండ్‌లో ఇవే బీకన్లు వచ్చే 28.200 మీద మాత్రం జపాన్ వినపడి కొలంబో వినపడకపోవచ్చు. అంత దగ్గరి దూరానికి ఆ ఫ్రీక్వెన్సీ మన తల మీదుగా దాటిపోతుంది. దాన్ని లోపం అనుకోకండి.

ఒకసారి మూడు రోజులపాటు కొలంబోతో సహా ఏ బీకనూ లేదు. కె 2, ఫ్లక్స్ కూడా బాగుంది. బ్యాండ్ పోయిందనుకుని టెన్షన్ పడ్డాను. మేడ ఎక్కి చూస్తే ఉప్పుగాలికి డైపోల్ (తీగ యాంటెన్నా) దగ్గరి కనెక్టర్ చిలుము పట్టి ఉంది. విప్పి, శుభ్రం చేసి, టేప్ చుట్టాక ఆ సాయంత్రమే కొలంబో వచ్చింది. మీరూ ముందు అదే చూడండి. తర్వాత నాయిస్. ఇంట్లో మెయిన్ ఆపి, రిగ్‌ను (రేడియో సెట్‌ను) బ్యాటరీ మీద వినండి. మీ పక్కన రొయ్యల చెరువులుంటే ఏరేటర్ మోటార్లు ఆగినప్పుడు కూడా ఒకసారి వినండి.

ఇంకొకటి. మార్చి, సెప్టెంబర్ నెలల చుట్టుపక్కల పొద్దుగూకాక సిగ్నల్ గలగలా వణుకుతుంది, మాట అర్థం కాదు. అది మీ రిగ్ లోపం కాదు. భూఅయస్కాంత మధ్యరేఖ దగ్గర సాయంత్రం అయనావరణం (మన సిగ్నల్‌ను కిందికి వంచి పంపే పైవాతావరణ పొర) ముక్కముక్కలై చెదిరిపోతుంది. తిరుపతి దగ్గర గాదంకి రాడార్‌తో దీన్నే పరిశోధిస్తుంటారు.

హైదరాబాద్‌తో మాట్లాడాలంటే పగలు 40 మీటర్లు, బాగా రాత్రయ్యాక అది మూసుకుపోతే 80. గాలివాన తుఫాను రోజుల్లో ఫోన్లు పోయినప్పుడు మనకు నిజంగా కావాల్సింది ఈ దగ్గరి దారే. కాబట్టి ఏ గంటకు ఏది పనిచేసిందో మామూలు రోజుల్లోనే నోట్‌బుక్‌లో రాసుకోండి. వారంపాటు ఉదయం ఏడుకు, మధ్యాహ్నం ఒంటిగంటకు, రాత్రి ఎనిమిదికి 14.100 విని, కొలంబో ఎన్నో డాష్ వరకు వినిపించిందో ఇక్కడ పెట్టండి. నా లాగ్‌తో పక్కపక్కన పెట్టి చూద్దాం.