హానర్ సొసైటీలో ట్రెజరర్ పదవి: ఉద్యోగానికి పనికొస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి అమెరికాలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్‌లో ఎంఎస్ చేస్తోంది. మొదటి ఏడాది అయిపోవస్తోంది. మంచి మార్కులొచ్చాయని ఈటా కప్పా ను అనే హానర్ సొసైటీ (బాగా చదివే విద్యార్థుల సంఘం) వాళ్లు పిలిస్తే ఫీజు కట్టి చేరింది. ఇప్పుడు వాళ్ల యూనివర్సిటీలోని చాప్టర్‌కు, అంటే ఆ సొసైటీ శాఖకు, ట్రెజరర్‌గా ఉండమంటున్నారట. చదువు, ఉద్యోగ వేట మధ్యలో ఇది అవసరమా అని మా టెన్షన్. – ఒక తండ్రి, గుంటూరు

జవాబు: సంస్థ గురించి మీకు భయం అక్కర్లేదు. ఈటా కప్పా ను 1904లో ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో పుట్టింది, 2010లో ఐఈఈఈ అనే అంతర్జాతీయ ఇంజనీర్ల సంస్థలో కలిసింది. బీఎస్ (మన బీటెక్ లాంటి డిగ్రీ) విద్యార్థులైతే మూడో ఏడాదిలో తరగతిలో పై నాలుగో వంతులో, చివరి ఏడాదిలో పై మూడో వంతులో ఉండాలి. పేరు వినసొంపుగా పెట్టుకుని, డబ్బు కడితే సర్టిఫికెట్ పంపేసే సంస్థలు కూడా అక్కడ ఉన్నాయి. క్యాంపస్‌లో చాప్టర్, దానికి సలహాదారుగా ఒక ప్రొఫెసర్, ఎవరు అర్హులో చెప్పే నిబంధనలు ఉన్నాయో లేదో చూసుకుంటే తేడా తెలిసిపోతుంది.

ఇక అసలు విషయం. సభ్యత్వం రెజ్యూమెలో ఒక్క లైను, అంతే. మార్కులు బాగున్నాయని ఆ పక్కనే ఉన్న జీపీఏ ఎలాగూ చెబుతుంది. చాప్టర్‌లో చేసిన పనికే విలువ.

మన దగ్గర బీటెక్ చేసి వెళ్లిన పిల్లలు టెక్నికల్ రౌండ్ దాటేసి, ఆ తర్వాతి రౌండ్‌లో తడబడటం నేను చాలాసార్లు చూశాను. ‘టీమ్‌లో మాట పట్టింపు వస్తే ఏం చేశావు? చెప్పిన టైముకి పని అవ్వకపోతే ఎలా సర్దుకున్నావు?’ అని అడుగుతారు. ఏ ప్రశ్నకైనా వాళ్ల దగ్గర ఉండేది ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు ఒక్కటే. చాప్టర్ డబ్బు లెక్క చూసినవాళ్లకు ఆ కొరత ఉండదు. కొత్త సభ్యుల ఫీజులు ప్రధాన కార్యాలయానికి పంపాలి, సభ్యత్వ స్వీకార కార్యక్రమానికి ఎంతవుతుందో అంచనా వేయాలి, స్నేహితుడే అడిగినా బడ్జెట్ లేకపోతే కుదరదని చెప్పాలి. ఇరవై రెండేళ్ల వయసులో ఆ కుదరదనే మాట మర్యాదగా చెప్పడం నేర్చుకోవడం చిన్న విషయం కాదు.

ట్యూటరింగ్ ఇంకా మంచిదని నా అభిప్రాయం. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, బర్క్‌లీలోని చాప్టర్ జూనియర్లకు ఉచితంగా పాఠాలు చెబుతుంది, పాత పరీక్ష పేపర్లు భద్రపరుస్తుంది, కోర్సులపై విద్యార్థుల అభిప్రాయాలు సేకరిస్తుంది. సర్క్యూట్స్ అర్థంకాక వచ్చిన అమెరికన్ కుర్రాడికి తెల్లబోర్డు ముందు నిలబడి విడమరిచి చెబుతూ ఉంటే, మీ అమ్మాయికి సబ్జెక్టూ గట్టిపడుతుంది, ఇంగ్లిష్‌లో జంకూ పోతుంది.

మరి ఒప్పుకోవాలా? ఈ వేసవికి ఇంటర్న్‌షిప్ చేతిలో ఉంటే ఒప్పుకోమనండి. లేకపోతే వద్దు. ఆగస్టు, సెప్టెంబరుల్లో దరఖాస్తుల హడావుడి మొదలవుతుంది, చాప్టర్‌లో కొత్త ఏడాది పనీ అప్పుడే నెత్తిన పడుతుంది. అలాంటప్పుడు వారానికి రెండు గంటల ట్యూటరింగ్ చాలు. ప్రెసిడెంట్ పదవి మాత్రం ఈ ఏడాది అసలొద్దు. ఒప్పుకునే ముందు పాత ట్రెజరర్‌తో కూర్చుని, లెక్కల పుస్తకం చూసి, వారానికి నిజంగా ఎన్ని గంటలు పడుతుందో అడిగి తెలుసుకోమనండి. పాత బాకీలు ఉంటే అప్పుడే బయటపడతాయి.

ఇలాంటి సభ్యత్వం గ్రీన్‌కార్డుకు పనికొస్తుందని ఎవరైనా చెబితే దాని మీద ఆశ పెట్టుకోకండి. మార్కులను బట్టి విద్యార్థులకిచ్చే గుర్తింపును గ్రీన్‌కార్డుకు చూపాల్సిన అసాధారణ ప్రతిభ కింద సాధారణంగా లెక్కవేయరు.

వీసా సంగతి కూడా చెప్పాలి. విద్యార్థి సంఘంలో జీతం లేని పదవికి ఎఫ్-1 (విద్యార్థి) వీసాతో మామూలుగా ఇబ్బంది ఉండదు. కానీ ట్యూటరింగ్‌కు యూనివర్సిటీ డబ్బిస్తే అది క్యాంపస్ ఉద్యోగమే. సెమిస్టర్ జరుగుతున్నప్పుడు వారానికి 20 గంటల పరిమితిలో అదీ కలుస్తుంది. ఆమె ఇప్పటికే లైబ్రరీలోనో ల్యాబ్‌లోనో పనిచేస్తుంటే, ఒప్పుకునే ముందే అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసుకు మెయిల్ పెట్టి, జవాబు రాతపూర్వకంగా తీసుకోమనండి.