అల్లుడికి, బోటు డెక్కు గురించి

చిరంజీవి అల్లుడికి మావయ్య ఆశీస్సులు.

సోనాపూర్ దగ్గర పాత ఫైబర్ బోటు కొన్నావని, డెక్కు నువ్వే దగ్గరుండి వేయించుకుంటావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఊళ్ళో నీ ఈడు కుర్రాళ్ళు సూరత్ మిల్లులకీ, కేరళ బోట్ల మీద కూలికీ వెళ్ళిపోతుంటే నువ్వు సొంత బోటు కొన్నావంటే నాకెంత సంతోషమో చెప్పలేను. ఆ రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు. ఫోన్‌లో చెబితే సగం విని "సరే మావయ్యా" అని పెట్టేస్తావు, అందుకే రాస్తున్నాను. ఒడియా బడిలో చదివినా నీకు తెలుగు అక్షరాలు మీ అమ్మ నేర్పింది. నిదానంగా చదువు.

పని వేట నిషేధంలో పెట్టుకో. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా బోటు ఎలాగూ ఒడ్డునే ఉంటుంది. వానలు పడ్డాక చెక్క ఆరదు, తేమకి రెజిన్, అంటే ఫైబర్‌ని పట్టించే జిగురు, సరిగ్గా గట్టిపడదు. పాత డెక్కు ఊడదీశాక కింది అడ్డపట్టీలన్నీ సుత్తితో తట్టి చూడు. గట్టి చెక్క ఖంగుమంటుంది, పుచ్చింది మొద్దుగా మోగుతుంది. పుచ్చినవాటి మీద కొత్త షీటు వేస్తే డబ్బు సముద్రంలో పోసినట్టే.

షీటు మెరైన్ ప్లై కొను, నీటికి తట్టుకునే ప్లైవుడ్. దాని మీద ఐఎస్ 710 అన్న గుర్తు, ఐఎస్ఐ ముద్ర ఉండాలి. ఐఎస్ 303 అని ఉంటే అది ఇంట్లో అల్మారాలకి వాడేది, ఎంత తక్కువకి ఇస్తానన్నా వద్దు. ముద్ర చూసినా నమ్మకం కుదరకపోతే చిన్న ముక్క కోసి రోజంతా నీళ్ళలో ఉడకబెట్టు. పొరలు విడిపోతే షాపులోనే వదిలేసిరా. పట్టీలు అడుగు దూరంలో ఉంటే 12 ఎంఎం మందం సరిపోతుంది. ఐసు పెట్టె పెట్టేచోట 18 ఎంఎం వెయ్యి.

నువ్వు మీ అమ్మకి పంపిన ఫోటో నేనూ చూశాను. నీలం రంగు ఫోమ్ షీటు, అంటించేసుకునేది. అది ఎందుకురా నీకు? మనది షికారు బోటు కాదు. గాలాలు గుచ్చుకుని నాలుగు వారాల్లో చీలికలవుతుంది, చేప నెత్తురు అందులోకి ఇంకితే ఎంత కడిగినా కంపు పోదు, అంచు లేచిందంటే దాని కింద ఉప్పునీరు నిలిచి చెక్కని తినేస్తుంది. కార్పెట్టు గతీ అంతే. అందం చూసుకుని డెక్కు వేయించుకున్నవాడి కథ నీకు ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు చెప్పక తప్పదు.

మీ నాన్న కాలు అల దెబ్బకి విరిగిందనే నీకు తెలుసు. నీకప్పటికి నడక కూడా రాలేదు. బావ కొత్త ఫైబర్ బోటు కొన్నాడు. లోపల విడి పలకల మధ్య వల చిక్కుకుంటోందని, ఈ చివర నుంచి ఆ చివరకి ఒక్కటే డెక్కు కావాలన్నాడు. వడ్రంగి ప్లై పరిచి, మేకులు బిగించి, దాని మీద ఫైబర్ మ్యాట్ వేసి, అంచులతో సహా మూసేశాడు. ఒక్క మూత కూడా పెట్టలేదు. నున్నగా మెరిసిపోతుంటే ఊరంతా వచ్చి చూశారు. మొదటి ఏడాది బాగానే నడిచింది. రెండో ఏడాది బోటు బరువెక్కినట్టుంది, ఆయిల్ ఎక్కువ తాగుతోంది అనేవాడు బావ. ఇంజను పాతబడిందనుకుని దాన్ని రెండుసార్లు విప్పించాడు. మేకుల రంధ్రాల్లోంచి నీరు బొట్టు బొట్టుగా డెక్కు కిందికి దిగుతోందని ఎవరికి తెలుస్తుంది? తెరిచి చూసే దారే లేదు కదా.

ఒకరోజు పొద్దున్నే చేపతో తిరిగొస్తున్నారు. మనకి జెట్టీ లేదు, అలలు దాటే ఒడ్డుకి రావాలి. నేను ఇసకలో తాడు పట్టుకుని నిలబడ్డాను. వెనక అల బోటుని ఎత్తింది, ముక్కు కిందికి వంగింది. ఆ వంపుకి డెక్కు కింద ఉన్న నీరంతా ఒక్కసారి ముందుకు పరిగెత్తింది. ముక్కు మళ్ళీ లేవలేదు. వెనక భాగం పక్కకి తిరిగి బోటు అలకి అడ్డం పడింది, బోల్తా కొట్టింది. మిగతావాళ్ళు ఈది బయటపడ్డారు. బావ తొడ బోటు అంచుకీ ఇసకకీ మధ్య పడింది.

తర్వాత బోటుని ఒడ్డుకి లాగి డెక్కు రంపంతో కోశాం. నీరు ఎంతసేపటికీ ఆగలేదు. ప్లై నల్లబడిపోయి, చేత్తో లాగితే పొరలు పొరలుగా ఊడొచ్చింది. మీ నాన్న ఆ తర్వాత వేటకి పోలేదు. నీకు చెప్పొద్దని మీ అమ్మ ఒట్టు వేయించుకుంది. ఈ ఒక్క మాటకి ఆ ఒట్టు తప్పుతున్నాను, చెల్లి తిడితే తిట్టనీ.

మా నాన్న కాలంలో పడవ పలకల్ని కొబ్బరి తాడుతో కుట్టేవారు, ఒక్క మేకు ఉండేది కాదు. నీరు కారేది, కానీ కళ్ళముందే కారేది. ఒకడు తోడుతూనే ఉండేవాడు.

అందుకని వెనక ఇంజను దగ్గర ఒకటిన్నర అడుగుల చదరంలో ఎత్తితే వచ్చే మూత పెట్టించు. బకెట్టు పట్టాలి, చెయ్యి అడుగుకి అందాలి. ముందువైపు ఇంకొకటి ఉంటే మరీ మంచిది. ప్రతి అడ్డపట్టీ కింద నీరు వెనక్కి జారడానికి రంధ్రం ఉంచు. డెక్కు కూడా వెనక్కి కాస్త వాలుగా ఉండాలి. బోటు దించేముందు ప్రతిసారీ మూత ఎత్తి చూడు, తొందరలో ఉన్న రోజు మరీ చూడు.

షీటు బిగించకముందే పైన, కింద, నాలుగు అంచులకీ ఎపాక్సీ, అదే రెండు ద్రవాలు కలిపి వేసే గట్టి జిగురు, మూడు పూతలు వెయ్యి. నీరు తాగేది అంచే. మామూలు ఫైబర్ రెజిన్ చెక్కని అంత గట్టిగా పట్టదు. స్క్రూలు ఉప్పునీటికి తట్టుకునే 316 స్టీలువి కొను. రంధ్రం పెద్దగా వేసి ఎపాక్సీతో నింపి, గట్టిపడ్డాక దాని మధ్యలో మళ్ళీ సన్నగా వేసి బిగించు. వడ్రంగి విసుక్కుంటాడు, విసుక్కోనీ.

కాలు జారకుండా డెక్కు మీద ఎపాక్సీ పూత తడిగా ఉన్నప్పుడు జల్లించిన పొడి సిలికా ఇసక చల్లు. ఆరాక ఊడ్చేసి, ఇంకో పూత వేసి, పైన లేతరంగు పెయింటు కొట్టు. ఎపాక్సీ ఎండకి ఆగదు, ముదురు రంగైతే మే నెలలో అరికాళ్ళు కాలతాయి. వల లాగేచోట ఇసక సన్నగా ఉండాలి, లేకపోతే దారాలు కోసుకుంటాయి.

ఇంకొకటి, నాకు చాలా భయమైనది. బోటు అడుగు రిపేరుకి మామూలు రెజిన్ కలిపేటప్పుడు అది గట్టిపడడానికి వేసే కోబాల్ట్‌నీ క్యాటలిస్ట్‌నీ నేరుగా ఒకదాంట్లో ఒకటి ఎప్పుడూ పొయ్యకు, పేలుతుంది. ముందు కోబాల్ట్ రెజిన్‌లో బాగా కలిశాకే క్యాటలిస్ట్. ఆ క్యాటలిస్ట్ కంట్లో పడితే చూపు పోతుంది. అద్దాలు పెట్టుకో, పక్కన నీళ్ళ బిందె పెట్టుకో. పడితే పావుగంట ఆపకుండా కడిగి, నేరుగా బరంపురం పెద్దాసుపత్రికి రా. చుట్టుపక్కల బీడీ వెలిగించనివ్వకు.

షీటు కొనేముందు దాని మీది ముద్ర ఫోటో వాట్సాప్‌లో పెట్టు. మూతకి చెక్క కోసే రోజు ముందే చెప్పు, బస్సెక్కి వస్తాను. మోకాళ్ళ నొప్పులున్నాయి కదా, వద్దని మీ అమ్మ అంటుంది. నువ్వు నాకే ఫోన్ చెయ్యి.

మీ మావయ్య