టెక్ సందేహాలు: కొండ మీద రూమ్ ఆన్‌లైన్‌లో తీసుకోవాలంటే

ఈసారి మెయిల్ బాక్స్ తెరిస్తే ల్యాప్‌టాప్ స్లో అయింది, ఫోన్ వేడెక్కుతోంది లాంటివి తక్కువ, తిరుమల రూముల గోలే ఎక్కువ. సెలవులొస్తున్నాయి కదా. సరే, ఈ వారం మొత్తం దానికే ఇచ్చేస్తున్నా, ప్రింటర్ల వాళ్లు ఏమీ అనుకోకండి, మీ సంగతి వచ్చే వారం.

ఖమ్మం నుంచి ఒకాయన: గూగుల్‌లో తిరుమల రూమ్ బుకింగ్ అని కొడితే అన్నిటికంటే పైన వచ్చిన సైట్‌లో ఏసీ డీలక్స్ రూమ్ 2,800 చూపిస్తోంది, గుడికి 200 మీటర్లే అని రాశారు. పేరు, నంబర్ ఇచ్చాక వాట్సాప్‌లో ఒకతను వచ్చి సగం అడ్వాన్స్ పంపమంటున్నాడు. సైట్‌కి తాళం గుర్తు కూడా ఉంది. నమ్మొచ్చా సార్?

పంపకండి సార్. ఒక్క రూపాయి కూడా వద్దు.

ముందు ఒక్క విషయం తెలిస్తే సగం మోసాలు అక్కడే ఆగిపోతాయి. కొండ మీద ప్రైవేటు హోటళ్లు లేవు. తిరుమలలో ఉండే రూములన్నీ అయితే దేవస్థానానివి, లేదంటే అక్కడున్న మఠాలవి, అంతే. కాబట్టి ఏ సైట్ అయినా ఏ యాప్ అయినా "తిరుమలలో హోటల్" అని చూపించిందంటే అది కింద తిరుపతిలో ఉన్న హోటలైనా అయ్యుండాలి, అసలు లేని హోటలైనా అయ్యుండాలి. గుడికి 200 మీటర్లలో 2,800కి ప్రైవేటు డీలక్స్ అన్నాడు చూశారా, అది ఈ రెండో రకం. దేవస్థానం దగ్గర 50, 100 రూపాయల రూములు కూడా ఉన్నాయి, ఆ రేట్లు తెలియని వాళ్లే వీళ్ల గిరాకీ.

పైన వచ్చింది కదా అంటారా, పైన వచ్చేది చాలాసార్లు డబ్బు కట్టిన యాడ్. దాని పక్కన చిన్న అక్షరాల్లో స్పాన్సర్డ్ అని ఉంటుంది, ఫోన్ స్క్రీన్ మీద అది కళ్లకి ఆనదు. తాళం గుర్తు సంగతి కూడా చెప్పేస్తా, మీరూ ఆ సైట్ నడిపేవాడూ మాట్లాడుకునేది మధ్యలో ఇంకొకడు వినకుండా చూడటమే దాని పని, అవతలున్నవాడు మంచోడా దొంగా అన్నది దానికి తెలీదు. ఆ సర్టిఫికెట్ ఫ్రీగా దొరుకుతుంది, దొంగకీ దొరుకుతుంది.

మరి అసలు సైట్ ఎలా తెలుస్తుంది? అడ్రస్‌ని వెనక నుంచి చదవండి. దేవస్థానం అడ్రస్ "టీటీదేవస్థానమ్స్ డాట్ ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్". ఆ పేరు అయ్యాక వచ్చే మొదటి స్లాష్ (/)కి ముందు ఉన్న చివరి రెండు ముక్కలు గవ్, ఇన్ అయ్యుండాలి, మధ్యలో చుక్కే ఉండాలి. "ఏపీ హైఫన్ గవ్ డాట్ ఇన్" అని ఒక గీత దూర్చేస్తే అది ఎవడైనా కొనుక్కోగలిగే మామూలు పేరు అయిపోతుంది, గవ్ డాట్ ఇన్ మాత్రం ప్రభుత్వ సంస్థలకి తప్ప ఇవ్వరు. ఇంకోటేంటంటే 2024 జనవరిలో ఈ సైట్ పేరు మారింది, అంతకుముందు తిరుపతిబాలాజీ అని మొదలయ్యేది, పాత యూట్యూబ్ వీడియోల్లో ఇప్పటికీ అదే చెప్తుంటారు. ఒకసారి సరిగ్గా టైప్ చేసి బుక్‌మార్క్ పెట్టేసుకోండి, ప్రతిసారీ గూగుల్‌లో వెతికే పనే ఉండదు. యాప్ కావాలంటే ప్లే స్టోర్ నుంచే, కింద డెవలపర్‌గా దేవస్థానం పేరే ఉందో లేదో చూసి. వాట్సాప్‌లో వచ్చిన ఏపీకే ఫైల్ (ప్లే స్టోర్‌తో పని లేకుండా యాప్ ఎక్కించే ఫైల్) మాత్రం చచ్చినా ఇన్‌స్టాల్ చేయొద్దు, అది లోపలికొస్తే ముందు చదివేది మీ ఎస్ఎంఎస్‌లనే.

పొరపాటున ఇప్పటికే పంపేసినవాళ్లు ఈ కాలమ్ చదువుతుంటే, చదవడం ఆపి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ కొట్టండి. డబ్బు ఒక అకౌంట్ నుంచి ఇంకో అకౌంట్‌కి ఎగిరే లోపు ఆపగలిగితేనే ఆశ, రేపు స్టేషన్‌కి వెళ్దాంలే అనుకుంటే అయిపోయినట్టే. ఇది మన దగ్గరి జబ్బు మాత్రమే కాదు, కేదార్‌నాథ్ హెలికాప్టర్ టికెట్లు, సోమనాథ్ గెస్ట్ హౌస్‌ల పేర్లతో కూడా ఇదే దందా నడుస్తుంటే 2025 ఏప్రిల్‌లో కేంద్ర హోం శాఖ సైబర్ విభాగమే యాత్రికులకి హెచ్చరిక ఇచ్చింది. పనికొచ్చే మార్పు ఒకటి కూడా వచ్చింది, ఇప్పుడు యూపీఐ యాప్‌లు పిన్ కొట్టే ముందు అవతలి వాళ్ల పేరు బ్యాంకులో ఎలా ఉందో అలాగే చూపించాలి. దేవస్థానానికి కడుతున్నా అనుకుంటుంటే అక్కడ ఎవరో మనిషి పేరు కనిపించిందా, వెనక్కి వచ్చేయండి.

విశాఖ నుంచి ఒకావిడ: హోటల్ యాప్‌లో శ్రీవారి ఆలయానికి 7 కిలోమీటర్లు అని చూపిస్తే తీసుకున్నాం. తీరా వెళ్తే బస్సులో ముప్పావు గంట పైనే పట్టింది. యాప్ అబద్ధం చెప్పిందా?

అబద్ధం కాదండీ, కాకి ఎగిరే దారి లెక్క. చాలా యాప్‌లు మ్యాప్ మీద రెండు చుక్కల మధ్య తిన్నగా గీత గీసి దాని పొడవు చూపిస్తాయి. మామూలు ఊళ్లో తేడా పెద్దగా తెలీదు, కానీ ఇక్కడ మధ్యలో ఉన్నది శేషాచలం. అలిపిరి దగ్గర నిలబడితే గుడి గాల్లో 7 కిలోమీటర్లు ఉంటే ఉంటుంది, బస్సు మాత్రం ఘాట్ రోడ్డు మీద మలుపులన్నీ తిరిగి అంతకి రెట్టింపు పైనే ఎక్కాలి. పైగా టోల్‌గేట్ దగ్గర చెకింగ్ లైను, అర్ధరాత్రి కాసేపు రోడ్డే మూసేస్తారు.

అందుకే "గుడికి ఎంత దూరం" అన్న ఫిల్టర్‌ని తిరుపతిలో అసలు నమ్మొద్దు. మీరు కింద ఉండదలిస్తే చూడాల్సింది గుడి దూరం కాదు, బస్సు దొరికే చోటు ఎంత దూరం అనేది. హోటల్ పేరు మ్యాప్స్‌లో వేసి అక్కడి నుంచి బస్టాండ్‌కి, అలిపిరికి డ్రైవింగ్ రూట్ పెట్టి చూడండి, టైమ్ దగ్గర మీరు వెళ్లే రోజూ గంటా సెట్ చేసుకుని మరీ. రైలు దిగేవాళ్లకి దేవస్థానం వాళ్ల విష్ణునివాసం స్టేషన్ ఎదురుగానే ఉంది, శ్రీనివాసం బస్టాండ్ ఎదురుగా, దాని పక్కనే మాధవం. నన్నడిగితే పిల్లలూ పెద్దవాళ్లూ ఉన్నప్పుడు ఊరి బయట స్విమ్మింగ్ పూల్ హోటల్ కంటే ఈ మూడిట్లో ఏదో ఒకటి దొరకడమే అదృష్టం, పూల్ ఎలాగూ వాడరు.

గుంటూరు నుంచి ఒక కుర్రాడు: ప్రతి నెలా రూమ్ కోసం మధ్యాహ్నం మూడింటికి ట్రై చేస్తా, పేమెంట్ దాకా వెళ్లి మళ్లీ లాగిన్ పేజీకి వచ్చేస్తుంది. నెట్ 5జీ. ప్రాబ్లమ్ ఎక్కడ?

నెట్‌లో కాదు తమ్ముడూ, ఫోన్ మెమరీలో అనుకుంటున్నా. నువ్వు బ్రౌజర్‌లో పే నొక్కగానే యూపీఐ యాప్ తెరుచుకుంటుంది కదా, 3, 4 జీబీ ర్యామ్ ఫోన్లలో అది తెరుచుకునే హడావుడిలో వెనకున్న బ్రౌజర్ ట్యాబ్‌ని ఫోన్ చంపేస్తుంది. నువ్వు పిన్ కొట్టి వెనక్కి వచ్చేసరికి పేజీ కొత్తగా లోడ్ అవుతుంది, సెషన్ పోయింది, లాగిన్ అడుగుతుంది. బ్యాటరీ సేవర్ ఆన్‌లో ఉంటే ఇంకా ఘోరం. మూడింటికి పది నిమిషాల ముందు ఫోన్ ఒకసారి రీస్టార్ట్ చేసి, బ్రౌజర్, యూపీఐ యాప్ తప్ప ఇంకేమీ తెరవకు. ఇంట్లో ల్యాప్‌టాప్ ఉంటే గొడవే లేదు, సైట్ అందులో తెరిచి పేమెంట్ మాత్రం ఫోన్‌లో చెయ్యి.

సాధారణంగా మూడు నెలల తర్వాతి కోటా ప్రతి నెలా 24న వదులుతారు, 300 రూపాయల దర్శనం టికెట్లు ఉదయం 10కి, రూములు మధ్యాహ్నం 3కి. ఒక్కోసారి తేదీ జరుగుతుంది, రెండు రోజుల ముందు సైట్‌లో చూసుకో. పొద్దున దర్శనం ఏ రోజుకి దొరికిందో చూసుకుని మధ్యాహ్నం ఆ రోజుకే రూమ్ పట్టుకోవాలన్నమాట, ముందు రూమ్ పట్టి తర్వాత దర్శనం వెతకడం తలకిందుల పని. వెయిటింగ్ పేజీ వస్తే రిఫ్రెష్ నొక్కకు, నొక్కావంటే లైన్లో నీ చోటు పోవచ్చు. అందరి పేర్లు ఆధార్‌లో ఉన్నట్టే, వయసులు, నంబర్లతో సహా ముందే నోట్స్‌లో టైప్ చేసి పెట్టుకో, అక్కడికెళ్లాక "నాన్నా నీ ఆధార్ ఎక్కడ" అని అరిస్తే అయిపోయింది కథ. ఇంకోటి, ఒక్కడివే వెళ్తున్నానని రూమ్ అడిగితే ఇవ్వరు, ఇద్దరైనా ఉండాలి. కొంతమంది బుకింగ్ కోసం ఏవో ఎక్స్‌టెన్షన్లు, స్క్రిప్ట్‌లు అమ్ముతున్నారు, నీ లాగిన్, నీ ఇంటిల్లిపాది ఆధార్ నంబర్లు వాడి చేతిలో పెట్టడం తప్ప దానివల్ల ఒరిగేదేమీ లేదు.

కర్నూలు నుంచి: అకౌంట్‌లో డబ్బులు కట్ అయ్యాయి, టికెట్ రాలేదు. మళ్లీ కట్టాలా?

వెంటనే కట్టొద్దు. ముందు లాగిన్ అయ్యి మీ బుకింగ్ హిస్టరీ చూడండి, ఒక్కోసారి టికెట్ వచ్చి ఉంటుంది, స్క్రీనే రాదు. లేకపోతే రిజర్వ్ బ్యాంక్ 2019 రూల్ ఉంది, డబ్బు కట్ అయ్యి అమ్మినవాళ్లకి కన్ఫర్మేషన్ చేరకపోతే 5 రోజుల్లో దానంతటదే వెనక్కి రావాలి, దాటితే రోజుకి 100 రూపాయల చొప్పున మీకు కట్టాలి. యూపీఐ యాప్‌లో ఆ ట్రాన్సాక్షన్ తెరిచి యూటీఆర్ నంబర్ (ఆ చెల్లింపుని గుర్తుపట్టే నంబర్) రాసిపెట్టుకుని, అక్కడే కంప్లైంట్ పెట్టండి. ట్విటర్‌లో బ్యాంకుని తిడుతూ పోస్ట్ పెట్టకండి, ఐదు నిమిషాల్లో "కస్టమర్ కేర్" పేరుతో దొంగే ముందు పలకరిస్తాడు.

నల్గొండ నుంచి ఒక రిటైర్డ్ మాస్టారు: రూమ్ ఖాళీ చేశాం, కాషన్ డిపాజిట్ ఇంకా రాలేదు. ఫోన్‌పేలో మెసేజ్ కూడా లేదు.

మాస్టారూ, మీరు ఏ దారిలో కట్టారో అదే దారిలో వెనక్కి వస్తుంది. మీ అల్లుడుగారి కార్డు గీకి ఉంటే ఆయన కార్డుకే వెళ్తుంది, మీ ఫోన్‌లో ఎంత వెతికినా ఉండదు. యూపీఐ అయితే యాప్‌లో మెసేజ్ రాకుండా నేరుగా బ్యాంకు అకౌంట్‌లో పడుతుంటుంది, స్టేట్‌మెంట్ తీసి చూడండి. అప్పటికీ లేకపోతే ఏపీ ప్రభుత్వం వాట్సాప్ సర్వీస్ మన మిత్ర ఉంది కదా, 9552300009, దాన్లో టీటీడీ సేవల కింద డిపాజిట్ రీఫండ్ స్టేటస్ చూపిస్తుంది. డబ్బు వెనక్కి రావడానికి పిన్ కొట్టమని ఎవరైనా అంటే ఫోన్ పెట్టేయండి, పిన్ అనేది డబ్బు పోవడానికే తప్ప రావడానికి కాదు. వచ్చేసారికి ఇంకోటి గుర్తుపెట్టుకోండి, 2023 మార్చి నుంచి రూముల దగ్గర ముఖం గుర్తుపట్టే కెమెరాలు పెట్టారు, రూమ్ తీసుకున్న మనిషే ఖాళీ చేసేటప్పుడూ వస్తే ఏ పేచీ ఉండదు. రూమ్ తీసుకున్నాయన ముందు బస్సెక్కి వెళ్లిపోయి బావమరిదిని తాళాలిచ్చి రమ్మంటే మాత్రం తిప్పలు.

డాలస్ నుంచి ఒక అమ్మాయి: అమ్మానాన్నకి నేనే ఇక్కడి నుంచి బుక్ చేద్దామని. వాళ్లకి ఓటీపీలు అవీ కొట్టడం రాదు. వాళ్ల ఫోన్‌ని నేను కంట్రోల్ చేసే యాప్ వేయించనా?

వద్దమ్మా. ఒకసారి ఆ యాప్ ఉంచితే రేపు ఇంకెవడో "బ్యాంకు నుంచి" అని ఫోన్ చేసి అదే యాప్ తెరిపిస్తాడు. లాగిన్ నాన్నగారి నంబర్ మీదే చెయ్యి, రూమ్ మెసేజ్‌లు అక్కడ ఆయన చేతిలోకే రావాలి, డాలస్‌లో నీకు తెల్లవారుజామున రెండున్నరకి కాదు. ఓటీపీ వచ్చినప్పుడు వీడియో కాల్‌లో చదివి చెప్తే చాలు. టికెట్ మాత్రం పీడీఎఫ్ పంపి ఊరుకోకుండా పక్క వీధి జిరాక్స్ షాపులో రెండు కాపీలు తీయించమను.

హైదరాబాద్ నుంచి: శ్రీశైలంలో సత్రం నంబర్ గూగుల్ మ్యాప్స్‌లోనే దొరికింది. అది కరెక్టేనా?

గ్యారంటీ లేదు. మ్యాప్స్‌లో ఫోన్ నంబర్ ఎవరైనా "సజెస్ట్ ఎడిట్" అని మార్చొచ్చు, సత్రాలకి దాన్ని రోజూ చూసుకునే మనిషి ఉండడు కాబట్టి దొంగలకి అవే సులువు. సత్రం రసీదు మీదో, అంతకుముందు వెళ్లొచ్చిన చుట్టాల దగ్గరో ఉన్న నంబర్‌తో పోల్చి చూడండి, దేవస్థానం రూములైతే ఏపీ టెంపుల్స్ డాట్ ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఉంటాయి. బయల్దేరే ముందు ఆఫ్‌లైన్ మ్యాప్ దించుకోండి, మన్ననూరు దాటాక నల్లమలలో సిగ్నల్ పోతుంది. రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా అడవి చెక్‌పోస్టులు మూసేస్తారు, మ్యాప్స్ ఆ సంగతి చెప్పకుండా రూట్ చూపించేస్తుంది.

అనంతపురం నుంచి నలుగురు ఫ్రెండ్స్: తిరుమలలో రూమ్ దొరకలేదు, పీఏసీ (యాత్రికుల ఉచిత వసతి భవనం) హాల్లో పడుకుంటాం. ఫోన్లు, పవర్ బ్యాంకులు ఎలా?

మంచి పని, హాలు, లాకరు ఫ్రీ, చాప దొరుకుతుంది. ఛార్జింగ్ పాయింట్ల దగ్గర మాత్రం పెళ్లి భోజనాల రెండో బంతిలా ఉంటుంది, కాబట్టి పవర్ బ్యాంకులు ఇంటి దగ్గరే నింపుకుని, ఒక ఎక్స్‌టెన్షన్ బాక్స్ తెచ్చుకోండి. ల్యాప్‌టాప్ అసలు తేకండి. దర్శనం లైన్లోకి ఎలక్ట్రానిక్ వస్తువులు ఏవీ రానివ్వరు, స్మార్ట్‌వాచ్ కూడా, ఫోన్లు కౌంటర్‌లో ఇచ్చి టోకెన్ తీసుకోవాలి. ఇచ్చే ముందు స్విచాఫ్ చేయండి, గంటల తర్వాత బయటికొచ్చాక ఛార్జ్ మిగులుతుంది. నలుగురి ఫోన్లూ ఒకే టోకెన్ మీద పెడితే ఆ టోకెన్ ఉన్నవాడు గుంపులో తప్పిపోతే నలుగురూ చిక్కుకుంటారు, రెండు టోకెన్లు చేయండి, లాకర్ తాళం చెవి మూడోవాడికివ్వండి, బయటికొచ్చాక ఎక్కడ కలుసుకోవాలో లైన్లోకి వెళ్లకముందే అనుకోండి.