మధ్యాహ్నమైతే గొంతు పోయే ఫజ్ పెడల్

ప్రశ్న: అన్నా, మా తాత పాత ట్రాన్సిస్టర్ రేడియో విప్పితే రెండు ఏసీ128 జెర్మేనియం ట్రాన్సిస్టర్లు దొరికాయి. వాటితో గిటార్ మోతను గరగరలాడించే ఫజ్ ఫేస్ పెడల్ సర్క్యూట్ కట్టి అమ్మకు తెలియకుండా ఒక స్టీలు డబ్బాలో బిగించాను. రాత్రి పదకొండుకు వాయిస్తే దుమ్ము లేచిపోయింది. మర్నాడు మధ్యాహ్నం మేడ మీద రేకుల గదిలో ఫ్రెండ్స్‌ను కూర్చోబెట్టి వాయిస్తే ఒక్క నోటూ నిలవలేదు. నోటినిండా బొరుగులు పోసుకొని మాట్లాడుతున్నట్టు ఉంది. సోల్డరింగ్ రెండుసార్లు మళ్ళీ చేశాను. మల్టీమీటర్‌లో గెయిన్ (ట్రాన్సిస్టర్ ఎన్ని రెట్లు పెంచుతుందో చెప్పే అంకె) రెండింటికీ 150 పైనే చూపిస్తోంది. ఎక్కడ తప్పు చేశాను?
— కొర్లగుంట, తిరుపతి

జవాబు: తప్పు నీ సోల్డరింగ్‌ది కాదు తమ్ముడూ, రేకులది. ట్రాన్సిస్టర్‌కు బేస్, కలెక్టర్, ఎమిటర్ అని మూడు కాళ్ళుంటాయి. జెర్మేనియం రకంలో మనం బేస్‌కు ఏమీ ఇవ్వకపోయినా కొంత కరెంటు కారిపోతూనే ఉంటుంది, దాన్నే లీకేజీ అంటారు. వేడి సుమారు పది డిగ్రీలు పెరిగితే ఆ లీకేజీ రెట్టింపవుతుంది. ఈ పెడల్ 1966లో లండన్‌లో ఆర్బిటర్ వాళ్ళు తెచ్చింది. అక్కడి చలికి సరిపోయిన లెక్క మన తిరుపతి మే నెలలో, అదీ రేకుల కింద, నిలవమంటే ఎట్లా నిలుస్తుంది?

లోపల జరిగేది ఇది. మొదటి ట్రాన్సిస్టర్‌లో లీకేజీ పెరిగేకొద్దీ రెండోదానికి అందాల్సిన బయాస్, అంటే దాన్ని మేల్కొలిపి ఉంచే వోల్టేజి, పడిపోతుంది, అది సగం నిద్రలోకి జారుకుంటుంది. మీటరు నల్ల తీగ గ్రౌండుకు (సర్క్యూట్‌లో సున్నా వోల్టుల తీగ, ఇక్కడ బ్యాటరీ ప్లస్), ఎర్రది రెండో ట్రాన్సిస్టర్ కలెక్టర్‌కు పెట్టి చూడు. ఏసీ128 పీఎన్‌పీ, అంటే మైనస్ వోల్టేజీతో నడిచే రకం, కాబట్టి మైనస్ గుర్తు వస్తుంది, కంగారు పడకు. రాత్రి 4.5 వోల్టుల దగ్గర ఉండేది మధ్యాహ్నానికి ఏడుకు ఎగబాకి ఉంటుంది. గట్టిగా మీటినప్పుడు మాత్రమే కాస్త పలికి, తీగ సద్దుమణగకముందే తెగిపోయేది అందుకే.

ఆ 150 గెయిన్‌ను మాత్రం నమ్మొద్దు. మామూలు మల్టీమీటర్ లీకేజీని కూడా గెయిన్‌లో కలిపేసి చూపిస్తుంది, పాలవాడు నీళ్ళతో కలిపి లీటరు కొలిచినట్టు. అసలు లెక్క కావాలంటే పది నిమిషాల పని. ఎమిటర్‌ను 9 వోల్టుల బ్యాటరీ ప్లస్‌కు కలుపు. కలెక్టర్ నుంచి బ్యాటరీ మైనస్‌కు 2.2కే (అంటే 2,200 ఓమ్‌లు), 220 ఓమ్‌ల రెసిస్టర్లు వరసగా వెయ్యి, రెండూ కలిసి 2.4కే అవుతాయి. బేస్ గాలికి వదిలేసి ఆ రెండు రెసిస్టర్ల మీద కలిపి వోల్టేజి చూడు, అది ఒట్టి లీకేజీ. ఇప్పుడు బేస్ నుంచి మైనస్‌కు 2.2 మెగ్ ఓమ్ రెసిస్టర్ కలిపి మళ్ళీ చూడు. రెండో అంకెలోంచి మొదటిది తీసేసి వందతో గుణిస్తే వచ్చేదే నిజమైన గెయిన్. ట్రాన్సిస్టర్‌ను వేళ్ళతో పట్టుకొని మాత్రం కొలవొద్దు, నీ ఒంటి వేడికే అంకె పైకి పాకుతుంది, కావాలంటే ఒకసారి పట్టుకొని చూడు, తమాషాగా ఉంటుంది. మొదటి స్థానంలో 70 దరిదాపుల్లో, రెండో స్థానంలో 120 దరిదాపుల్లో ఉన్నవి బాగా పలుకుతాయి. లీకేజీ తక్కువున్నదాన్ని మొదట పెట్టు. లీకేజీయే అర వోల్టు దాటితే ఆ ట్రాన్సిస్టర్‌ను తాత రేడియోలోకే పంపెయ్యి.

ఇక మందు. రెండో కలెక్టర్ దారిలో 8.2కే ఉంది కదా, దాన్ని తీసేసి 3.3కే రెసిస్టర్, దానికి వరసగా 20కే పాట్ (తిప్పితే విలువ మారే రెసిస్టర్) వేసి, పాట్ నాబ్ డబ్బా బయటికి వచ్చేలా బిగించు. ఎండ ముదిరిన కొద్దీ ఆ నాబ్‌ను పెంచి మళ్ళీ 4.5 దగ్గరికి దించుకోవచ్చు. కొలిచే పని కూడా లేదు, రెండు రోజులైతే చెవే చెబుతుంది. ట్రాన్సిస్టర్లను నేరుగా సోల్డర్ చెయ్యకుండా సాకెట్లలో పెట్టు, ఐరన్ వేడి కూడా జెర్మేనియంకు పడదు.

ఇంత గొడవ వద్దనుకుంటే బీసీ108 లాంటి సిలికాన్ జత వేసి అదే సర్క్యూట్ కట్టు, కానీ అది ఎన్‌పీఎన్, పీఎన్‌పీకి తిరగేసిన రకం, కాబట్టి బ్యాటరీనీ ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లనూ తిప్పి వెయ్యాలి. ఫజ్ ఫేస్‌ను ఆ కంపెనీయే తర్వాత సిలికాన్‌కు మార్చింది, జిమీ హెండ్రిక్స్ రెండు రకాలూ వాడాడు. సిలికాన్ మోత కాస్త పదునుగా, కసిగా ఉంటుంది, ఎండకు మాత్రం చలించదు. నన్నడిగితే మే నెల కచేరీకి సిలికాన్, డిసెంబర్ రాత్రికి జెర్మేనియం. విడిభాగాలకు పొద్దున్నే రైలెక్కి చెన్నై రిచీ స్ట్రీట్‌కు పోతే సాయంత్రానికి తిరిగి రావచ్చు. ఏసీ128 అని ఎవరైనా తళతళలాడే కొత్త ముక్క చేతిలో పెడితే కొలవకుండా డబ్బులివ్వొద్దు. ఆ పొరపాటు నేను చేశాను, ఆరు కొంటే రెండే పనికొచ్చాయి.

ప్రశ్న: పిల్లలకు గిటార్ నేర్పిస్తాను. నా శిష్యుడు కట్టిచ్చిన జెర్మేనియం ఫజ్‌ను మిగతా పెడల్స్ ఉన్న అడాప్టర్‌కే కలిపితే అన్ని లైట్లూ ఒకేసారి ఆరిపోయాయి. పెడల్స్ కాలిపోయినట్టేనా?
— చిత్తూరు

జవాబు: టెన్షన్ పడకండి మేడమ్, చాలావరకు ఏమీ కాదు. మీ మిగతా పెడల్స్‌కు మైనస్ గ్రౌండ్, ఈ ఫజ్‌కు ప్లస్ గ్రౌండ్. గిటార్ కేబుల్ పైతొడుగు ద్వారా రెండు గ్రౌండ్లూ కలిసిపోయి అడాప్టర్ షార్ట్ అయింది. ఫజ్‌ను తీసేస్తే మిగతావి మళ్ళీ వెలగాలి. ఇకపై ఫజ్‌కు విడిగా 9 వోల్టుల బ్యాటరీ పెట్టండి, లోపల ఎల్‌ఈడీ పెట్టకపోతే అది తినేది ఒక మిల్లీయాంప్ లోపే, నెలలు వస్తుంది. వాయించడం అయ్యాక ఇన్‌పుట్ కేబుల్ పీకేయడం మాత్రం మరవకండి, జాక్‌ స్టీరియోది అయితే అదే స్విచ్చు.

ఇంకో మాట, ఫజ్‌ను అన్నిటికన్నా ముందు, గిటార్‌కు ఆనుకొని పెట్టండి. మధ్యలో బఫర్ (గిటార్ సిగ్నల్ బలహీనపడకుండా కాచే సర్క్యూట్) ఉన్న పెడల్ వస్తే మోత పలచబడి గీపెట్టినట్టు అవుతుంది. నేరుగా కలిపి గిటార్ వాల్యూమ్‌ను పది నుంచి ఆరుకు దించి చూడండి, అదే పెడల్ దాదాపు శుభ్రంగా పలుకుతుంది. మీ శిష్యుడికి కూడా అది చూపించండి, కట్టినవాడికే చాలాసార్లు తెలియదు.