క్యోటోలో ఒక్కరోజే ఉంటాం, గుళ్లు కాకుండా పాత ట్రామ్‌లు, రైళ్ల చరిత్ర చూడాలంటే ఎక్కడికెళ్లాలి?

ఒక్కరోజే టైముంది అన్నారు కాబట్టి నేనైతే కళ్లు మూసుకుని కెయాగే అనే పేటకి వెళ్లమంటాను. ఒసాకాలో ఉద్యోగం చేసిన రోజుల్లో సెలవు దొరికితే నేను పోయేది అక్కడికే. తోజాయ్ లైన్ సబ్‌వేలో కెయాగే స్టేషన్‌లో దిగి బయటికొస్తే పక్కనే చిన్న ఇటుకల సొరంగం ఉంటుంది, లోపలికెళ్లి ఒకసారి తలెత్తి చూడండి, ఇటుకలు తిన్నగా ఉండవు, మెలితిప్పినట్టు ఏటవాలుగా పేర్చుకుంటూ పోయారు.

దాని పైకెక్కితే పట్టాలు, 582 మీటర్లు. రైలు పట్టాలనుకుంటారు చాలామంది, కానీ ఇవి పడవల కోసం వేసినవి! బివా సరస్సు నుంచి కాలువలో వచ్చిన పడవ ఇక్కడి వాలు దిగలేదు కదా, అందుకని దాన్ని సరుకుతో సహా చక్రాల బండి మీదికెక్కించి ఇనుప తాడుతో దించేవాళ్లు, ఎక్కించేవాళ్లు. ఆ బండి, దాని మీద చెక్క పడవ ఇప్పటికీ అక్కడ పెట్టి ఉంచారు.

అసలు కథ ఏంటంటే 1869లో రాజధాని టోక్యోకి పోయాక క్యోటో బాగా చితికిపోయింది, అప్పుడు గవర్నర్ కితగాకి కునిమిచి ఈ కాలువ తవ్వించాలనుకుని, కాలేజీ నుంచి అప్పుడే బయటికొచ్చిన తనాబే సకురో అనే కుర్రాడి చేతిలో పెట్టాడు. 1885లో మొదలుపెట్టి 1890లో పూర్తి చేశారు. మధ్యలో తనాబే అమెరికా వెళ్లి అక్కడ నీళ్లతో కరెంటు తీయడం చూసొచ్చాడు, 1891కల్లా కెయాగేలో పవర్ హౌస్ నడిచింది, ఆ కరెంటుతోనే 1895లో జపాన్‌లో మొట్టమొదటి ఎలక్ట్రిక్ ట్రామ్ క్యోటో వీధుల్లోకి వచ్చింది. మొదట్లో ట్రామ్ ముందు కుర్రాళ్లు పరిగెత్తుతూ జనాన్ని తప్పుకోమని కేకలేసేవాళ్లట, పగలు జెండా, రాత్రి లాంతరు పట్టుకుని. నాకు ఈ ఊరి చరిత్రలో అన్నిటికన్నా ఇష్టమైన ముక్క ఇదే.

అక్కడి నుంచి నడిచే దూరంలో నాంజెంజి గుడి, లోపల ఎర్ర ఇటుకల కమానుల మీద అదే కాలువ నీళ్లు ఇంకా పారుతున్నాయి, పక్కన మెట్లెక్కితే దగ్గర్నుంచి చూడొచ్చు. తర్వాత హెయాన్ జింగూ అనే షింటో గుడి తోటలో (టికెట్ ఉంటుంది) ఆనాటి ట్రామ్ ఒకటి నిలబెట్టి ఉంది, అది మాత్రం వదలొద్దు.

సిటీ ట్రామ్‌లు 1978లో పూర్తిగా ఆపేశారు, రోడ్ల మీద కార్లు పెరిగి వాటికి దారే లేకుండా పోయింది. ఇప్పుడు బస్సుల్లో సూట్‌కేసులతో నిలబడ్డ టూరిస్టుల్ని, దిగడానికి దారి దొరకని ముసలివాళ్లని చూస్తే అవి ఉంచాల్సింది అనే అనిపిస్తుంది నాకు. కొన్ని పెట్టెల్ని హిరోషిమా వాళ్లు కొనుక్కుని నడిపారు. క్యోటోలో ట్రామ్ ఎక్కాలనుంటే 1910లో మొదలైన రాండెన్ ఉంది, ఊరి పడమటి చివరనున్న అరాషియామాకి పోతుంది.

మధ్యాహ్నం టైముంటే క్యోటో స్టేషన్ నుంచి ఒక్క స్టాప్, ఉమెకోజి దగ్గర రైల్వే మ్యూజియం, 1914 నాటి గుండ్రటి షెడ్డులో ఆవిరి ఇంజన్లు వరసగా ఉంటాయి. అది మామూలుగా బుధవారం సెలవు, మీ తేదీ చూసుకోండి.