యాక్సిడెంట్ తర్వాత మనసుకు తగిలిన దెబ్బకు కూడా నష్టపరిహారం వస్తుందా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. నాలుగు నెలల కిందట ఉప్పల్ దగ్గర లారీ మీ తమ్ముడి క్యాబ్‌ను గుద్దింది. కాలర్‌బోన్ విరిగింది, అతుక్కుంది. వయసు 32. ఇప్పుడు స్టీరింగ్ పట్టుకుంటే చేతులు వణుకుతున్నాయి, లారీ హారన్ వింటే చెమటలు పోస్తున్నాయి, రాత్రి ఉలిక్కిపడి లేస్తున్నాడు. లాయరేమో "పిటిషన్‌లో మెంటల్ అగనీ (మానసిక వేదన) అని ఒక లైను రాస్తాను, చాలు" అన్నారు. చాలదండి. ఆ ఒక్క లైనుకు ట్రిబ్యునల్ (ప్రమాద క్లెయిములు వినే కోర్టు) ఇచ్చేది ఏదో ఒక గుండుగుత్త మొత్తం, అంతే.

ముందు తేదీ సంగతి. మోటారు వాహనాల చట్టం 166(3) ప్రకారం ప్రమాదం జరిగిన రోజు నుంచి ఆరు నెలల్లోపు క్లెయిమ్ వేయాలి. 2022 ఏప్రిల్ 1 నుంచి ఈ గడువు అమల్లో ఉంది. దీని మీద సుప్రీంకోర్టులో సవాళ్లున్నాయి కానీ వాటిని నమ్ముకుని కూర్చోవద్దు. మీకు మిగిలింది రెండు నెలలు. వైద్యం ఇంకా నడుస్తోందని ఆగనక్కర్లేదు. పిటిషన్ వేసేసి, కాగితాలు తర్వాత జతచేసుకోవచ్చు. ప్రమాదం ఉప్పల్‌లో జరిగింది కాబట్టి మేడ్చల్-మల్కాజ్‌గిరి జిల్లాలోనే వేయాలని లేదు. మీరు ఉండేది మలక్‌పేట కాబట్టి హైదరాబాద్ సిటీ ట్రిబ్యునల్‌లో వేసుకునే హక్కు మీకుంది.

ఇక డబ్బు ఎక్కడ వస్తుందన్నది. మనసుకు తగిలిన దెబ్బ రెండు పద్దుల్లో లెక్కకొస్తుంది. ఒకటి "నొప్పి, బాధ, ట్రామా". రాజ్‌కుమార్ వర్సెస్ అజయ్‌కుమార్ తీర్పులో (సుప్రీంకోర్టు, 2010) గాయాల కేసుల పద్దుల జాబితా ఉంది, అందులో ట్రామా అన్న మాట కూడా ఉంది. దీనికి ఫార్ములా లేదు, జడ్జిగారి అంచనాయే. 2024లో కె.ఎస్. మురళీధర్ కేసులో సుప్రీంకోర్టు ఈ ఒక్క పద్దు కింద 15 లక్షలు ఇచ్చిన మాట నిజమే. కానీ ఆ మనిషికి 90 శాతం శాశ్వత వైకల్యం. ఆ అంకె చూసి ఆశ పెట్టుకోకండి.

రెండో పద్దు సంపాదన శక్తి తగ్గడం. మీ కేసుకు ప్రాణం ఇక్కడే ఉంది. రాజ్‌కుమార్ తీర్పు ఇంకో మాట కూడా చెప్పింది: డాక్టరు రాసిన వైకల్యం శాతం వేరు, దానివల్ల ఆ మనిషి పనిలో పోగొట్టుకున్న శాతం వేరు. స్టీరింగ్ పట్టుకోలేని భయం ఆఫీసులో కూర్చుని లెక్కలు రాసేవాడికి చిన్న ఇబ్బంది. క్యాబ్ డ్రైవరుకు అది అన్నం కుండ మీద దెబ్బ. లెక్క ఎలా వేస్తారో చూడండి. నెలకు 25,000 సంపాదన రుజువైందనుకుందాం. ఏడాదికి 3,00,000. సొంత సంపాదన, వయసు 40 లోపు కాబట్టి భవిష్యత్తు పెరుగుదల కింద 40 శాతం కలిపితే 4,20,000. సరళా వర్మ తీర్పు (2009) పట్టికలో 31-35 ఏళ్లకు గుణకం (ఏడాది సంపాదనను ఎన్నింతలు చేయాలన్న అంకె) 16. మొత్తం 67,20,000. సంపాదన శక్తి 20 శాతం పోయిందని తేలితే 13,44,000. తేలింది 10 శాతమే అయితే 6,72,000. బాధ ఎంత గట్టిగా వర్ణించినా ఈ తేడా రాదు, కాగితం తెస్తుంది.

ఆ కాగితం ఏమిటి? సైకియాట్రిస్టు ఓ.పి. చీటీ. మీవాడు ఈ నాలుగు నెలల్లో ఎముకల డాక్టరు దగ్గరికి తప్ప ఎక్కడికీ వెళ్లలేదని రాశారు. రేపే తీసుకెళ్లండి. ప్రైవేటు అయినా ఫర్వాలేదు, ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం అయితే ఇంకా మేలు. సర్కారు డాక్టరు రాసింది కాబట్టి "డబ్బిచ్చి రాయించుకున్నారు" అనే మాట అంత తేలిగ్గా రాదు. కిక్కిరిసిన ఓ.పి.లో డాక్టరు "నిద్ర లేదు, ఆందోళన" అని మూడు ముక్కలు రాసి మందులిచ్చి పంపేస్తారు. అది కోర్టులో పనికిరాదు. ఈ నాలుగూ చీటీ మీదికి ఎక్కించమని మర్యాదగా అడగండి: ప్రమాదం తేదీ, లక్షణాలు ఎప్పట్నుంచి, అంతకుముందు ఇలాంటివి లేవన్న మాట, జబ్బు పేరు. ప్రమాదానంతర లక్షణాలు నెల దాటి నిలిస్తేనే పీటీఎస్‌డీ (పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్) అంటారు. నెలలోపైతే దాని పేరు వేరు. డాక్టర్లు వాడే జబ్బుల అంతర్జాతీయ జాబితా ఐసీడీ-10లో పీటీఎస్‌డీకి కోడ్ ఎఫ్ 43.1. ఉత్త "యాంగ్జైటీ" అని ఉంటే ప్రమాదంతో ముడి తెగిపోతుంది, ఇన్సూరెన్స్ లాయరుకు అంతే కావాలి.

పీసీఎల్-5 అని 20 ప్రశ్నల ఫారం ఉంటుంది. స్కోరు 80కి. 31-33 దాటితే పీటీఎస్‌డీ ఉండొచ్చని చూస్తారు. ఇది రోగి స్వయంగా నింపేది కాబట్టి ఒక్కసారి నింపిన ఫారానికి విలువ తక్కువ. రెండు మూడు నెలల తేడాతో మళ్లీ చేయించి, డాక్టరు సొంత పరీక్ష పక్కన పెడితే బలం. ప్రమాదంలో తలకు దెబ్బ తగిలి ఉంటే సీటీ రిపోర్టు తీయండి. చిరాకు, మతిమరుపు తలగాయం వల్లా, భయం వల్లా అన్నది క్లినికల్ సైకాలజిస్టు పరీక్షతో విడదీయాలి. ఆ సైకాలజిస్టుకు ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉందో లేదో చూసుకోండి. పాత ఆసుపత్రి కేస్ షీట్ కావాలంటే రాతపూర్వకంగా అడగండి, 72 గంటల్లో ఇవ్వాలన్నది డాక్టర్ల నిబంధన.

వైకల్య ధ్రువపత్రం దగ్గర చాలామంది పొరబడతారు. మానసిక జబ్బుకు ఐడియాస్ అనే కొలమానం వాడతారు: సొంత పనులు, నలుగురితో మెలగడం, మాట-అర్థం, ఉద్యోగం, వీటితోపాటు జబ్బు ఎన్నాళ్లుగా ఉందన్నది. 40 శాతం దాటకపోతే లాభం లేదని ఎవరో ఒకరు చెబుతారు. ఆ 40 పింఛను, రిజర్వేషన్ల కోసం. క్లెయిమ్‌కు 15 శాతమైనా లెక్కే. చికిత్స సాగుతుంటే ఈ పత్రం ఇచ్చే మెడికల్ బోర్డు ఇప్పుడే ఇవ్వకపోవచ్చు, కంగారు పడొద్దు.

ఒక మాట నిక్కచ్చిగా చెబుతాను. పీటీఎస్‌డీ చాలామందికి నయమవుతుంది. ట్రామా కోసం చేసే కౌన్సెలింగు, సెర్ట్రలిన్ లాంటి మందులు పనిచేస్తాయి. కాబట్టి "శాశ్వతం" అని డాక్టరు చేత బలవంతంగా రాయించకండి. క్రాస్‌లో (అవతలి లాయరు ప్రశ్నలడిగేటప్పుడు) "చికిత్సతో తగ్గుతుందా?" అన్న ఒక్క ప్రశ్నకు డాక్టరు "అవును" అనగానే మొత్తం కూలుతుంది. ఏడాదిలో కోలుకుంటాడంటే ఆ ఏడాది పోయిన ఆదాయం, ఇకపై కౌన్సెలింగు-మందుల ఖర్చు అడగండి. నెలకు 25,000 చొప్పున 12 నెలలంటే 3 లక్షలు, రుజువైతే వచ్చే డబ్బు. 13 లక్షలు అడిగి సున్నా తెచ్చుకోవడం కంటే నయం. శాశ్వతమని డాక్టరే నమ్మితే అది వేరే సంగతి.

అసలు కేసులు చెడేది డాక్టరు సాక్ష్యం దగ్గర. చీటీలు ఫైల్లో పెట్టేస్తే అయిపోదు, వైద్యం చేసిన సైకియాట్రిస్టు బోనెక్కి చెప్పాలి. వైద్యమే చేయని డాక్టరు ఒక్కసారి చూసి ఇచ్చిన సర్టిఫికెట్‌ను జడ్జిలు నమ్మరు. డాక్టరుగారికి రోజంతా కోర్టులో కూర్చునే తీరిక ఉండదు, సమన్లు వచ్చినా రాకపోవచ్చు. రాజ్‌కుమార్ తీర్పే దారి చూపింది: డాక్టరుకు ఫలానా సమయం కేటాయించాలి, లేదా కమిషన్ వేసి (కోర్టు తరఫున ఒకరిని పంపి) ఆయన దగ్గరే సాక్ష్యం తీసుకోవాలి. మీ లాయరు ఈ దరఖాస్తు వేస్తారా అని ఇప్పుడే అడగండి. వచ్చే జవాబును బట్టి ఆ లాయరుతో ఉండాలో లేదో తేల్చుకోవచ్చు.

సంపాదనకు రుజువులు: క్యాబ్ యాప్‌లోని పేమెంట్ స్టేట్‌మెంట్లు ప్రమాదానికి ముందు ఆరు నెలలవి, తర్వాతవి కూడా. బ్యాంకు పాస్‌బుక్, కారు ఈఎంఐ తప్పిన నోటీసులు. మీరు సాక్ష్యమిస్తే "చాలా బాధపడుతున్నాడు" అనకండి. "ఇంతకుముందు తెల్లవారుజామున నాలుగింటికి ఎయిర్‌పోర్టు ట్రిప్పులకు వెళ్లేవాడు, ఇప్పుడు కారు మీద కవరు కప్పే ఉంది" అనండి. పాతకాలంలో నిద్రమాత్రలు వాడి ఉంటే దాచొద్దు. దొరికితే మిగతాదీ అబద్ధమే అంటారు. పెళ్లిలో నవ్వుతున్న ఫోటో ఫేస్‌బుక్‌లో ఉన్నా అవతలి లాయరు తీస్తారు. అది ఏ పూటదో చెప్పడానికి సిద్ధంగా ఉండండి.

లోక్ అదాలత్‌లో రాజీకి రమ్మంటారు. అక్కడ అవార్డయితే అప్పీలు లేదు. డాక్టరు "ఇక ఇంతే" అనో "తగ్గుతుంది" అనో తేల్చకముందే సంతకం పెట్టొద్దు. ఖాళీ కాగితాల మీద అసలే వద్దు. ట్రిబ్యునల్ ఇచ్చింది తక్కువ అనిపిస్తే హైకోర్టుకు అప్పీలు గడువు 90 రోజులు. వివాదంలో ఉన్న మొత్తం లక్షకు తక్కువైతే ఆ దారీ మూసే ఉంటుంది.